మా ఊరి త్రికూటాలయం కూలగొట్టి కొత్త గుడి కడతామంటున్నరు, ఏం చేయాలె?

మూసీ ఒడ్డు
9 ఫిబ్రవరి 2025, రాత్రి 10:40

అందరికి నమస్కారం. ఊరి పేరు రాస్తలేను, ఎందుకో చివర్ల చెప్త. పాత నల్గొండ జిల్లా, సూర్యాపేట దిక్కు అనుకోండి.

చెరువుకట్ట కింద మాకొక పాత శివాలయం ఉన్నది. మూడు గర్భగుడులు, నడుమ రంగమంటపం, అద్దం లెక్క నున్నగ చెక్కిన నల్లరాతి స్తంభాలు. సూర్యాపేట కాడి పిల్లలమర్రి కాకతీయుల గుళ్లు చూసినోళ్లకు వేరే చెప్పక్కర్లేదు, అదే రాయి, అదే పనితనం. ఒక గర్భగుడిల లింగం ఉన్నది. ఇంకోదాంట్ల పానవట్టం ఒక్కటే మిగిలింది. మూడోది ఖాళీ. శిఖరం నేను పుట్టకముందే కూలిపోయిందట. కప్పు మీద రావిచెట్టు మొలిచింది. నా చిన్నప్పుడది చేతికందే మొక్క, ఇప్పుడు దాని నీడకు మేకలు పడుకుంటున్నయి. వేర్లు కప్పుబండల సందుల్లకెళ్లి లోపలికి దిగి స్తంభాన్ని చుట్టుకున్నయి. వానాకాలం మంటపంల పాదం మునిగే నీళ్లు.

పోయిన వారం ఊరంత కూసున్నరు. పెద్దమనుషులు ఒక మాట మీదికొచ్చిన్రు. పాతది తీసేసి, స్లాబు పోసి, గోపురంతోని కొత్త గుడి కడదాం, ఇంటింటికి చందా వేద్దాం, పాత రాళ్లు పునాదిల వేద్దాం అని. వాళ్లు చెడ్డోళ్లు కాదు, ఆ మాట ముందే చెప్తున్న. దేవుడు వానకు తడుస్తుంటే చూడలేక అన్నమాట అది. మా పెదనాయన అయితే కండ్లనీళ్లు పెట్టుకున్నడు.

నేను హైదరాబాదుల కొలువు చేస్తున్న, నెలకొకసారి పోత. నాకు చరిత్ర చదువు లేదు, ఇంజినీరింగు లేదు. కని ఆ స్తంభాలు పగలగొట్టి పునాదిల వేస్తరంటే కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయితున్నది. శివరాత్రికి ఇంక పదిహేడు రోజులే. పండుగ కాంగనే పని మొదలుపెడ్తరట. ఊరికి ఏం చెప్పాలె? ఎక్కడ మొదలుపెట్టాలె?

ఊరి పేరు ఎందుకు రాస్తలేనంటే, రెండేండ్ల కింద రాత్రిపూట ఎవరో వచ్చి నంది కింద తవ్విపోయిన్రు. మళ్ల వాళ్ల కండ్లల్ల పడొద్దని.

* * *

ఆళ్లగడ్డ ఉలి
10 ఫిబ్రవరి 2025, ఉదయం 6:15

తమ్ముడూ, మాది ఆళ్లగడ్డ. తాతల నాటి నుంచి రాతిపనే. పాత గుళ్ల మరమ్మతుల్లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నా. అర్జెంటుగా నాలుగు మాటలు చెప్తాను, మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

మొదటిది, ఆ రావిచెట్టును ఎవరినీ పీకనీయొద్దు. ఊళ్లో భక్తితో ఎవరో ఒకరు ట్రాక్టరుకు తాడు కట్టి లాగుతారు, వేరుతో పాటు కప్పుబండ కూడా వస్తుంది. ఈ రకంగా ఒక మంటపం కూలడం నా కళ్లతో చూశాను. ముందు కొమ్మలు కొట్టించండి, బరువు తగ్గుతుంది. తర్వాత మొదలు కోసి, మోడుకు రంధ్రాలు వేసి మందు పోయాలి. వేరు పచ్చిగా ఉన్నన్నాళ్లు రాయిని పట్టుకునే ఉంటుంది. ఎండి ముడుచుకున్నాక ముక్కలు ముక్కలుగా తీసి, ఖాళీ అయిన సందును వెంటనే సున్నంతో నింపాలి. ఖాళీగా వదిలితే మళ్లీ నీళ్లు, మళ్లీ విత్తనం.

రెండోది నీళ్లు. రాతిగుడికి శత్రువు వయసు కాదు, పైకప్పు మీది నీళ్లు. కాకతీయుల నాటి గుళ్లకు రాతిబండల పైన మందంగా సున్నపు గచ్చు ఉంటుంది. అది పగిలింది కాబట్టే కారుతోంది. శివరాత్రి లోపు చేయగలిగింది మంచి టార్పాలిన్ వాలుగా కట్టడం, గుడి చుట్టూ నీళ్లు నిలవకుండా కాలవ తీయడం. ఆ కాలవ కూడా గోడకు దూరంగా, పారతో తీయండి. జేసీబీని దగ్గరికి రానీయొద్దు.

అది మూడో మాట. వేయిస్తంభాల గుడికీ రామప్పకూ పునాదిలో ఇసుక నింపి, దాని మీద కట్టడం నిలబెట్టారు. మీ గుడి కూడా ఆ కాలానిదే అయితే అదే పద్ధతి ఉండొచ్చు. గోడ పక్కన లోతుగా తవ్వితే ఆ ఇసుక జారిపోతుంది. ఇసుక జారితే స్తంభం ఒరుగుతుంది.

నాలుగోది, సిమెంటు వద్దు. పగుళ్లలో సిమెంటు కూరడం కంటే పగులు అట్లే ఉండటం నయం. సిమెంటు చెమ్మను బయటికి పోనీయదు. ఆ చెమ్మ రాతిలోకే తిరిగి, అంచులు పెచ్చులుగా ఊడతాయి. రంగులూ అంతే. ఇసుక పేల్చి శుభ్రం చేస్తామని మిషన్లు తెచ్చేవాళ్లు వస్తారు, వాళ్లను గడప తొక్కనీయొద్దు. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన ముక్కూ కన్నూ పది నిమిషాల్లో నున్నగా పోతాయి.

చుట్టుపక్కల పాత ఇటుక ముక్కలుంటే ఏరి ఒక మూల పెట్టండి. శిఖరం ఇటుకతో కట్టినదై ఉంటుంది. రామప్ప శిఖరం ఇటుక నీళ్ల మీద తేలుతుందని వినే ఉంటారు. మీది తేలినా తేలకపోయినా, ఆ ఇటుక కొలతే రేపు శిఖరానికి ఆధారం.

* * *

పల్నాటి రచ్చబండ
10 ఫిబ్రవరి 2025, ఉదయం 9:02

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. మా ఊళ్లో 2009లో ఇలాగే పాత గుడి తీసి కొత్తది కట్టాం. నేను ఆ కమిటీలో ఉన్నాను. అంతకుముందు ఆ గుళ్లో దీపం లేదు, గబ్బిలాలు, పాములు. ఆడవాళ్లు అటు పోవడానికే భయపడేవాళ్లు. ఈరోజు రోజూ రెండు పూటలా పూజ, శ్రీరామనవమికి పందిరి, మాఘమాసంలో పెళ్లిళ్లు.

గుడి అంటే దేవుడుండే చోటు. బయట నుంచి వచ్చి ఫోటోలు తీసుకుని, అద్భుతం అని రాసి వెళ్లిపోయేవాళ్ల కోసం ఊరు తన దేవుణ్ణి వానలో ఉంచాలా? ఆ గుడిని తాకొద్దు, మేకు కొట్టొద్దు అని చెప్పేవాళ్లలో ఒక్కరైనా సాయంత్రం వచ్చి దీపం పెడతారా? జీర్ణోద్ధరణ మన శాస్త్రంలోనే ఉంది కదా. పాడైనదాన్ని తీసి కొత్తది కట్టడం పాపం కాదు.

* * *

గౌతమి అర్చకుడు
10 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 2:30

రచ్చబండ గారూ, మీ మాటలో సగం నేను నెత్తిన పెట్టుకుంటానండి. నేను కోనసీమలో ఒక చిన్న శివాలయంలో అర్చకుణ్ణి. మా నాన్నగారు, తాతగారు అదే గుళ్లో చేశారు. దీపం లేని గుడి ఎంత గొప్ప శిల్పమున్నా మోడేనండి, అది నిజం.

కానీ జీర్ణోద్ధరణ అంటే కూల్చడం కాదండి. జీర్ణమైనదాన్ని ఉద్ధరించడం. దానికో క్రమం ఉంది. మూలవిరాట్టు శక్తిని కలశంలోకి ఆకర్షించి, పక్కన బాలాలయం, అంటే తాత్కాలికమైన చిన్న గుడి కట్టి అక్కడ నిత్యపూజ ఆగకుండా చూసి, ఈలోగా ఎంతవరకు జీర్ణమైందో అంతవరకే బాగుచేసి, తిరిగి కుంభాభిషేకం చేస్తారు. నిలబడి ఉన్న స్తంభాన్ని పగలగొట్టి పునాదిలో వేయమని ఏ పెద్దవారూ నాకు చెప్పలేదు.

ఇక దీపం ఎందుకు ఆరిపోయిందో కూడా చెప్పుకోవాలి కదండి. మా గుడికి పూర్వం మాన్యం ఉండేది. నూనెకు కొంత, భజంత్రీలకు కొంత, పూలదండలు కట్టేవారికి కొంత, అర్చకుడికి కొంత. ఆ భూమి చేతులు మారింది. భూమి పోయిన పదేళ్లకు భజంత్రీలు వెళ్లిపోయారు, తర్వాత పూలవారు. మిగిలింది మేమే. ప్రభుత్వం వారి ధూపదీప నైవేద్య పథకం మొదలైనప్పుడు నెలకు 2,500 రూపాయలు. అందులోనే నూనె, బియ్యం, వత్తులు, మా ఇంటి ఖర్చు. ఇప్పుడది 10,000 అయింది, ఆ మేరకు కృతజ్ఞత ఉంది. అయినా మా అబ్బాయి ఈ పనికి రానన్నాడు, వాడి మీద నాకు కోపం లేదండి.

తమ్ముడూ, మీ గుడి రాళ్లు కాపాడుకోండి. అంతకంటే ముందు ఊళ్లో సాయంత్రం దీపం పెట్టే మనిషిని ఒకరిని చూసుకోండి. మనిషి అడుగు పడే గుడి మీద రావిమొక్క రెండాకులు వేసినప్పుడే కనిపిస్తుంది.

* * *

తాళపత్రం
10 ఫిబ్రవరి 2025, రాత్రి 8:47

నేను శాసనాల వెంట తిరిగే మనిషిని. మూసీ ఒడ్డు గారూ, ఒక ప్రశ్న. గుడి ముందు గానీ, చెరువు అలుగు దగ్గర గానీ, పొలం గట్టు మీద గానీ పైన సూర్యచంద్రులు చెక్కిన నిలువు రాయి ఏదైనా ఉందా? నాలుగు పక్కలా గీతలు ఉన్నట్టు కనిపిస్తాయి. సున్నం పూసి ఉంటే అసలే కనిపించవు.

ఎందుకు అడుగుతున్నానంటే, కాకతీయుల కాలంలో చెరువు, గుడి, ఊరు ఒకేసారి పుట్టేవి. చెరువు తవ్వించినవాడే గుడి కట్టించి, ఆ చెరువు కింది పొలాన్నే గుడికి రాసిచ్చేవాడు. ఇచ్చిన సంగతి రాతి మీద చెక్కించేవాడు. పిల్లలమర్రిలో రేచెర్ల రెడ్డి వంశం వాళ్లు చేసింది అదే, అక్కడి ఎరకేశ్వరాలయం శాసనం 1208 నాటిది. పాలంపేటలో 1213లో రేచెర్ల రుద్రుడు చేసిందీ అదే. రామప్ప గుడి ఉంది, రామప్ప చెరువు ఉంది. ఆ చెరువు కింద ఇవాళ్టికీ పంట పండుతోంది.

శాసనం చివర తరచూ ఒక శ్లోకం ఉంటుంది. స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం, షష్టిర్వర్షసహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః. తాను ఇచ్చినదైనా, ఇతరులు ఇచ్చినదైనా, ఆ భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. గుడి భూమి మీద ఆశపడేవాళ్లు ఆనాడూ ఉన్నారు కాబట్టే అంత గట్టిగా రాయించారు. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. వాటిలో చాలా వాటి సంగతి ఒక్కటే: అఖండ దీపం ఆరకూడదు, దాని నెయ్యికి ఇన్ని పశువులు ఇస్తున్నాం అని.

ఒక శాసనం పునాదిలోకి పోతే పోయేది ఒక రాయి కాదు. రాణీ రుద్రమ 1289లో మరణించిందన్న సంగతి మనకు ఏ కావ్యం వల్లా తెలియలేదు. నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక సేవకుడు వేయించిన రాతి వల్ల తెలిసింది. ఆ రాయిని ఎవరైనా గొడ్లను కట్టేయడానికి పాతి ఉంటే?

ఇంకో సంగతి. త్రికూటం అన్నారు కదా. వేయిస్తంభాల గుడి కూడా త్రికూటమే, 1163 నాటిది. అందులో రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు. మీ ఖాళీ గర్భగుడి సూర్యుడిదై ఉండొచ్చు. ఎక్కడైనా పీఠం దొరికితే దాని ముందు భాగంలో గుర్రాలు ఉన్నాయేమో చూడండి.

* * *

పెన్నేటి గట్టు
11 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 12:20

అన్నా, మీరు ఊరి పేరు చెప్పకపోవడమే మంచిది. మాది కడప జిల్లా. మా ఊరి కొండ మీద చెన్నకేశవస్వామి గుడి. ఒక అమావాస్య తెల్లారి పాలు పోసేదానికి పోయిన మా అత్త చూసింది. గరుడగంబం కింద మనిషిలోతు గుంత, నిమ్మకాయలు, పసుపు కుంకుమ, కోసిన కోడి. స్వామి పీఠం పక్కకు దొర్లించినారు. ఆ గుంతలో ఏమీ లేదు సామీ, మట్టి. లంకెబిందెలు ఉండాయని ఎవడో చెప్పిన మాటకు ఐదు వందల ఏండ్ల విగ్రహం చెయ్యి విరిగింది.

ఆ తర్వాత ఏమైందో వినండి. విగ్రహం భిన్నమైంది, పూజ చేయకూడదు అన్నారు. ఏట్లో వేయాలన్నారు. మేము ఆడవాళ్లం ఇరవై మందిమి అడ్డం కూర్చున్నాం. దెబ్బతగిలిన బిడ్డను ఏట్లో వేస్తామా? చివరకు పక్క మంటపంలో భద్రంగా నిలబెట్టినారు. ఇప్పటికీ అక్కడే ఉండాడు. మూలస్థానానికి కొత్త విగ్రహం వచ్చింది, కానీ కార్తీక మాసంలో నేను మొదటి దీపం పాత స్వామి ముందే పెడతాను.

గుప్తనిధుల సంగతి ఊళ్లో అందరికీ ఒక్కటి చెప్పండి. దొరికినా తవ్వినవాడు చెప్పకుండా ఉంచుకునేదానికి లేదు. 1878 నాటి చట్టం ఉంది, పది రూపాయలకు మించిన విలువ ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే. మేము ఈ మాట గుడి గోడ మీద కాకుండా బయట బోర్డు మీద రాయించినాం. రాత్రిపూట ఒక బల్బు వేసినాం. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

* * *

ఎడిసన్ నుంచి
12 ఫిబ్రవరి 2025, ఉదయం 7:55

మాది తెనాలి దగ్గర, ఇరవై రెండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. ఇక్కడ మేం కలిసి కట్టుకున్న గుడికి డబ్బు ఇచ్చాం, వారాంతాల్లో వంటగదిలో పనిచేశాం. మా పిల్లలు దేవుణ్ణి చూసింది అక్కడే. కానీ మా సొంత ఊరి గుడి గోడ కూలిందని వాట్సాప్‌లో ఫోటో వస్తే, చూసి పక్కకు జరిపాను. ఈ చర్చ చదివాక అది గుర్తొచ్చి మనసు బాగాలేదు. మూసీ ఒడ్డు గారూ, కప్పు పని పూర్తయ్యే వరకు ఖర్చు మేం నలుగురు మిత్రులం భరిస్తాం. ఎవరికి, ఎలా పంపాలో చెప్పండి.

* * *

పాత దస్త్రం
12 ఫిబ్రవరి 2025, రాత్రి 9:10

నేను దేవాదాయ పనుల్లో ముప్పై ఏళ్లు గడిపి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఎడిసన్ నుంచి రాసినవారికి ముందు జవాబు. మీలో భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, 2010 చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. ఊళ్లో ఎవరి సొంత ఖాతాకూ వేయకండి. మంచి మనిషే అయినా వేయకండి. లెక్క అడిగిన రోజు ఆ మంచి మనిషికే కష్టం.

ఇక మూసీ ఒడ్డు బాబూ, ముందు తేలాల్సింది ఆ గుడి ఎవరి లెక్కలో ఉందో. మూడు దారులున్నాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉందా, రాష్ట్ర వారసత్వ శాఖ జాబితాలో ఉందా, దేవాదాయ శాఖలో నమోదై ఉందా. కేంద్ర రక్షిత కట్టడమైతే చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త కట్టడమే కుదరదు. దేవాదాయ శాఖలో ఉంటే 1987 దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద ఉండే రిజిస్టరులో దాని పేరు, భూమి సర్వే నంబర్లు ఉంటాయి, అనుమతి లేకుండా కూల్చే అధికారం ఊరి కమిటీకి లేదు. ఏడాదికి రెండు లక్షల లోపు ఆదాయం ఉన్నవి ఆ చట్టంలో 6సి అనే చిన్న గుళ్ల తరగతి కిందికి వస్తాయి. మన పల్లెటూరి గుళ్లు దాదాపు అన్నీ అవే. వాటికి శాఖ నడిపే సర్వశ్రేయోనిధి నుంచి జీర్ణోద్ధరణకు డబ్బు అడగొచ్చు, ఊరు తన వాటా కట్టాలి. శాఖ స్థపతి, అంటే గుడి కట్టడాల నిపుణుడు, వచ్చి చూసి అంచనా వేస్తారు.

ఈ మూడింట్లోనూ లేకపోతే అదే పెద్ద ప్రమాదం. కాగితం మీద లేని గుడిని ఎవరు కూల్చినా అడిగేవాడు ఉండడు. అప్పుడు గ్రామసభలో తీర్మానం చేయించి, ఫోటోలు, కొలతలు జతచేసి, కలెక్టరు గారికీ వారసత్వ శాఖకూ ఒకేసారి ఇవ్వండి. ముట్టిన రసీదు తీసుకోండి.

భూమి కోసం పాత రెవెన్యూ రికార్డులైన సేత్వారు, 1954-55 కాస్రా పహాణీ నకళ్లు తీయించండి. గుడి పేరు మీద మాన్యం ఉండేదో లేదో అక్కడ తేలుతుంది. అర్చకుడు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను చూసిన పాడుపడ్డ గుళ్లలో ముందు కూలింది గోడ కాదు, భూమి.

* * *

పల్నాటి రచ్చబండ
13 ఫిబ్రవరి 2025, ఉదయం 8:20

దస్త్రం గారూ, కాగితాలు పట్టుకుని తిరగడం మొదలుపెడితే ఎన్నేళ్లు? ఊరు అంతవరకు ఆగుతుందా? వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపం 2006లో విప్పారు, 2024 శివరాత్రికి తెరిచారు. పద్దెనిమిదేళ్లు! హనుమకొండ నడిబొడ్డున ఉన్న గుడికే అంతకాలం పడితే మూలనున్న పల్లెకు ఎంత పడుతుంది?

* * *

ఆళ్లగడ్డ ఉలి
13 ఫిబ్రవరి 2025, రాత్రి 9:40

అన్నా, మీ కోపం సరైనదే. రామప్ప పక్కన కామేశ్వరాలయం రాళ్లు విప్పి, నంబర్లు వేసి పెట్టినవి ఎన్ని ఏళ్లు గడ్డిలో ఎదురుచూశాయో చూసినప్పుడు నాకూ బాధగా ఉండేది. అందుకే నేను విప్పమని చెప్పడం లేదు. విప్పడం రోజుల పని, తిరిగి పేర్చడం తరాల పని. నిలబడి ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం అన్నింటికంటే చవక.

విప్పక తప్పని చోట ఎట్ల చేయాలో కూడా మనవాళ్లకు తెలుసు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయం మునుగుతుందని తెలిసినప్పుడు ప్రతి రాయికీ గుర్తు వేసి, పటాలు గీసి, అలంపురం తెచ్చి తిరిగి కట్టారు. చాళుక్యుల నాటి గుడి. ఇవాళ పోయి చూడండి, ఎక్కడ విప్పారో చెప్పలేరు. అక్కడ ముందుగా గీసిన పటం ఉంది, తెలిసిన చేతులున్నాయి.

పట్టించుకోకపోతే ఏమవుతుందో శ్రీకాళహస్తిలో చూశాం. 1516లో రాయలవారు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. ఐదు వందల ఏళ్లకు దగ్గరపడిన గోపురం. ఆ రాత్రి మా నాన్న అన్నం తినలేదు.

* * *

చెన్నపట్నం తెలుగు
14 ఫిబ్రవరి 2025, సాయంత్రం 6:05

మేం మూడు తరాలుగా మద్రాసులో ఉంటున్న తెలుగువాళ్లం. ఇక్కడ ఉళవారప్పణి అని ఒక సేవ ఉంది. శైవ భక్తుడు అప్పర్ చేతిలో చిన్న పార పట్టుకుని గుడి గుడికీ తిరిగి గడ్డి చెక్కేవారని నమ్మకం, విగ్రహంలో కూడా ఆ పార ఆయన భుజాన ఉంటుంది. ఆయన పేరు మీద ఆదివారాలు యాభై అరవై మంది బస్సు కట్టుకుని ఏదో ఒక పల్లె గుడికి వెళ్తాం. ముళ్లపొదలు కొడతాం, కోనేరు పూడిక తీస్తాం, దీపపు ప్రమిదల జిడ్డు కడుగుతాం. శిల్పాన్ని మాత్రం ముట్టం, నీళ్లూ కొబ్బరిపీచు కుంచే దాటి ఏదీ వాడం. మధ్యాహ్నం ఆ ఊరివాళ్లే పులిహోర పెడతారు. మొదటిసారి దూరంగా నిలబడి చూసిన ఊరివాళ్లు రెండోసారి మాకంటే ముందే పారలతో వస్తారు. మీ శివరాత్రికి ముందు ఆదివారం ఇలా ఒక్కరోజు చేసి చూడండి.

* * *

మూసీ ఒడ్డు
27 ఫిబ్రవరి 2025, రాత్రి 11:30

అందరికి దండాలు. నిన్న శివరాత్రి జాగారం, ఇయాల పొద్దంత నిద్ర, ఇప్పుడు రాస్తున్న.

పోయిన ఆదివారం చెన్నపట్నం అన్న చెప్పినట్టే చేసినం. నేను హైదరాబాదునుంచి ఊరి పిల్లలను పదకొండు మందిని తీస్కపోయిన. పది గంటలకు మాకు మేమే ఉన్నం. పన్నెండు గంటలకు మా పెదనాయన కొడవలి పట్టుకొని వచ్చిండు. మూడు గంటలకు అరవై మంది అయిన్రు. కంపచెట్లు కొట్టినం, గుడి వెనుక మట్టి తీసినం. రావిచెట్టు కొమ్మలు మాత్రమే కొట్టినం, వేరు ముట్టలే. అప్పటికే ఒకాయన ట్రాక్టరు తెచ్చిండు. ఆళ్లగడ్డ అన్న రాసింది ఫోనుల సదివి వినిపించిన. ఆయన తాడు చుట్టుకొని వెనక్కి పోయిండు.

తాళపత్రం సారుకు. నిలువు రాయి ఉన్నది! మాకు రోజూ కనిపించేదే. బొడ్రాయి అనుకొని పసుపు పూసి, సున్నం వేసి మొక్కుతం. మీరు ఫోనుల చెప్పినట్టు నీళ్లు, మెత్తటి కుంచెతో మెల్లగ తుడిసి, చీకటి పడ్డంక పక్కనుంచి టార్చి కొట్టి ఫోటోలు తీసిన. అక్షరాలు లేచి నిలబడ్డట్టు కనిపించినయి. పిల్లలు కేకలు పెట్టిన్రు. పైన సూర్యుడు, చంద్రుడు, నడుమ లింగం, ఆవు దూడ.

ఇంకోటి. చెరువు అలుగు కాడ బట్టలుతికే బండ ఉంటది. మా అమ్మ చిన్నప్పటినుంచి దాని మీదనే ఉతికింది. తిరగేసి చూస్తే ముందట గుర్రాలు. ఐదు లెక్క తేలినయి, మిగతావి అరిగినయి. మా అమ్మ కొంగు నోట్ల పెట్టుకొని నిలబడిపోయింది. తెలువక చేసినమయ్యా అని ఆ రాయికి మొక్కింది.

రాత్రి జాగారం గుళ్లెనే చేసినం. కప్పు మీద టార్పాలిన్, లోపట దీపాలు. ముసలోళ్లు వాళ్ల చిన్నప్పుడు ఇక్కడ జరిగిన జాతర సంగతులు చెప్పిన్రు. కూలగొట్టే ముచ్చట ఎవరూ ఎత్తలే.

* * *

తాళపత్రం
28 ఫిబ్రవరి 2025, ఉదయం 10:15

ఫోటోలు చూశాను. ఒక పక్క మొదటి వరుసలో స్వస్తి శ్రీ స్పష్టంగా ఉంది. మూడో పక్కన ఆచంద్రార్క అన్న మాట చదవగలిగాను, సూర్యచంద్రులున్నంత కాలం అని. శకవర్షం ఉండాల్సిన చోట పెచ్చు ఊడింది. ఇది మొన్నటిదాకా ఎవరూ పట్టించుకోని రాయి కాబట్టి తొందరపడి పేర్లు చెప్పను. సిరా అచ్చు తీస్తే గానీ పూర్తిగా చదవలేం. వచ్చే నెల నేనే వస్తాను, కాగితం, సిరా నావే. ఈలోగా దాని మీద సున్నం వేయకుండా చూడండి. పసుపు బొట్టు పెట్టుకోండి, పర్లేదు, ఆ పసుపు బొట్టే దాన్ని ఇన్నాళ్లు కాపాడింది. అక్షరాలు లేని పై భాగంలో పెట్టండి, చాలు.

* * *

పల్నాటి రచ్చబండ
1 మార్చి 2025, ఉదయం 7:30

గుర్రాల పీఠం సంగతి చదివి రాత్రి చాలాసేపు కూర్చున్నాను. మాది తీసేసినప్పుడు స్తంభాలు పద్నాలుగు వచ్చాయి. నాలుగు రోడ్డు పక్కన బెంచీల్లాగా వేశాం. మిగతావి ఊరి చివర కల్వర్టు దగ్గర ఉన్నాయి. నిన్న వెళ్లి చూశాను. ఒకదాని మీద అక్షరాలున్నాయి. ఇన్నేళ్లు దాని పక్కనే నడిచాను.

దీపం విషయంలో నా మాట మారలేదు, ఇప్పుడూ అదే అంటాను. కానీ ఒక నిజం చెప్పాలి. మేం 2009లో పోసిన స్లాబు అప్పుడే పెచ్చులూడుతోంది, లోపల ఇనుము తుప్పు పట్టింది, గర్భగుడిలో చెమ్మ. ఆ పాత కప్పు ఎన్ని వందల ఏళ్లు మోసిందో! తాళపత్రం గారూ, మీరు సూర్యాపేట వచ్చినప్పుడు ఇంకో పూట మాకోసం కేటాయించగలరా? ఆ స్తంభాలను కనీసం గుడి ఆవరణలోకి తెచ్చి నిలబెట్టుకుంటాం. లారీ ఖర్చు నాది.

* * *

గౌతమి అర్చకుడు
1 మార్చి 2025, మధ్యాహ్నం 1:10

రచ్చబండ గారూ, తప్పకుండా తెచ్చి నిలబెట్టండి. మీరు కట్టిన గుళ్లో రోజూ పూజ జరుగుతోంది కదా, అది చిన్న విషయం కాదండి. ఆ స్తంభాలు కూడా ఆ గంట వింటూ ఉంటాయి.

* * *

మూసీ ఒడ్డు
30 మార్చి 2025, రాత్రి 9:50

ఉగాది శుభాకాంక్షలు. పంచాంగ శ్రవణం ఈసారి గుడి మంటపంల పెట్టినం. నాకు తెలిసి ఇదే మొదటిసారి.

గ్రామసభల తీర్మానం అయింది. గుడి కూలగొట్టేది లేదు, పాత దస్త్రం సారు చెప్పినట్టు ఫోటోలు, కొలతలు పెట్టి రెండు దిక్కులా ఇచ్చినం, రసీదులు తీసుకున్నం. ఒక కార్యాలయంల మూడుసార్లు తిప్పిన్రు, నాలుగోసారి తీసుకున్నరు. కాస్రా పహాణీల గుడి పేరు మీద భూమి కనిపించింది. ఎంత, ఇప్పుడు ఎవరి చేతుల ఉన్నది ఇక్కడ రాయను, ఊర్లె కూసొని మాట్లాడాల్సిన ముచ్చట అది. ఎడిసన్ అన్న, పైసలు ఇప్పుడే వద్దు. పద్ధతి ప్రకారం ఖాతా అయినంక చెప్త.

అందరు ఒప్పుకున్నరని కాదు. కొత్త గోపురం కావాలన్నోళ్లు ఇంకా ఉన్నరు. వాన మొదలయ్యేలోపు కప్పు కారకుండ చేస్తెనే వాళ్లకు మా మీద నమ్మకం. అందుకే సున్నం గుంత తవ్వినం. ఆళ్లగడ్డ అన్న పంపిన మేస్త్రి వచ్చి చూసిపోయిండు. సున్నం నానుతున్నది. సున్నం నూరే గానుగ ఎక్కడా దొరకలే, మా ఊరి కుమ్మరాయన రాతి చక్రం చేయిస్తనన్నడు. సున్నంల కలిపే కరక్కాయ, బెల్లం ఎంత పడుతయో అన్న మళ్ల ఒకసారి రాస్తె అంగడికి పోత.

* * *

పెన్నేటి గట్టు
30 మార్చి 2025, రాత్రి 10:25

శుభాకాంక్షలు అన్నా. చదువుతుంటే మా ఊరి గుడే గుర్తొచ్చింది. దీపం సంగతి రాయలేదే? రోజూ ఎవరు పెడుతున్నారు? మూడో గర్భగుడిలో ఏం పెట్టినారు?

* * *

మూసీ ఒడ్డు
30 మార్చి 2025, రాత్రి 10:41

వంతులు వేసుకున్నం అక్క. నెలకు ముప్పై ఇండ్లు, ఇంటికొక రోజు. అన్ని కులాలోళ్ల పేర్లు ఉన్నయి, చిట్టీ రాసి పాలకేంద్రం కాడ అంటించినం. అర్చకుడు పక్క ఊరినుంచి సోమవారం ఒక్కరోజు వస్తున్నడు. మిగతా రోజులు ఎవరి వంతు వాళ్లే గర్భగుడి గడప బయట పెట్టిపోతున్నరు.

మూడోదాంట్ల అలుగు కాడి పీఠం పెట్టినం. విగ్రహం లేదు. అక్కడ దీపం పెట్టొచ్చా అని మా అమ్మ అడిగితే అర్చకుడు పెట్టమన్నడు. రేపు మా ఇంటి వంతు. నూనె తీసి పెట్టింది.